కొత్తింటి వాసన

ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. ఒకావిడ నా చేత మాట తీసుకుంది. మొదట అసలు రాయనే వద్దంది. కొన్నాళ్ళకి తనే, "రాసుకోండి అక్కయ్యా, నా పేరు వద్దు, మీ పేరూ వద్దు. మీరెవరో తెలిస్తే నేనెవరో తెలిసినట్టే" అంది. ఢిల్లీ తెలుగువాళ్ళ సంగతి ఆవిడకి బాగా తెలుసు. పేరుకి మహానగరమే గానీ, మనవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు.

ఆవిడ వంటలు చేస్తుంది. తూర్పుగోదావరి మనిషి. భర్తతో కలిసి ఒక ఇంటి కింది పోర్షన్‌లో పొయ్యిలు పెట్టుకుని, తెలుగువాళ్ళ ఇళ్ళలో వ్రతమైనా, సీమంతమైనా, సంఘంవాళ్ళ ఉగాది అయినా తనే వండి పంపుతుంది. ఆవిడ వంటకి ఒక ప్రత్యేకత ఉంది. రుచి చూడదు. దేవుడికి నైవేద్యం పెట్టేదాన్ని ముందే ఎంగిలి చేస్తామా అంటుంది. గిన్నె మీద మూత తీసి, కళ్ళు మూసుకుని ఒక్కసారి ఆవిరి పీల్చి, "ఉప్పు తగ్గింది" అని ఇంకో చిటికెడు వేస్తుంది. ఎప్పుడూ తప్పిందిలేదు. ఆ విద్య చూడటానికే వంటింటి గుమ్మంలో ఆడవాళ్ళు మూగేవారు. నేనూ మూగిన దాన్నే. "నీ ముక్కుకి బంగారు తొడుగు చేయించాలమ్మా" అని వేళాకోళం చేసేదాన్ని. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. పెళ్ళై వచ్చినప్పటి నుంచి క్వార్టర్లలోనే బతికాం. రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చాక, ఉన్నదంతా ఊడ్చి ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఒక పాత ఫ్లాటు కొన్నాం. పైఅంతస్తు, బాల్కనీ తూర్పుకి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, పాత ఇల్లు బాగుచేయించి చూడమని ఎందుకు అనలేదో నాకు తెలియదు. గుమ్మాలకి చెదలు, గోడలకి పెచ్చులు, వంటింట్లో తలుపుల్లేని అరలు. నెమ్మదిగా ఒక్కొక్కటీ చేయించుకుంటే సరిపోయేది. మాకు నెమ్మది ఎక్కడిది?

పంతులుగారు పంచాంగం చూసి మూఢం వచ్చేస్తోందన్నారు. మూఢంలో శుభకార్యాలు చెయ్యకూడదు, అది వదిలేదాకా గృహప్రవేశం మాట ఎత్తకూడదు. కార్తీకమాసం చివర్లో ఒకే ఒక్క ముహూర్తం ఉంది, అది దాటితే నెలల తరబడి ఆగాలి. ఇంకోపక్క మా ఆయన పొద్దున్నే పేపరు పట్టుకుని, పొగ పెరిగితే ఊళ్ళో పనులన్నీ ఆపించేస్తారట, రంగులూ డ్రిల్లింగులూ ఏవీ చెయ్యనివ్వరట అని నన్ను తరిమేవారు. ముందు పంచాంగం, వెనక పొగ. నేను కొంగు బిగించాను. మొండిదాన్ని. అనుకున్న ముహూర్తానికి పాలు పొంగించకపోతే నా పరువు పోతుందనుకున్నాను.

దాంతో ఒకరి తర్వాత ఒకరు చెయ్యాల్సిన పనిని పదిమంది ఒక్క వారంలో ఒకరి మీద ఒకరు పడి చేశారు. చెదల మందువాడు గుమ్మాలకీ గోడల అంచులకీ కన్నాలు వేసి మందు ఎక్కించాడు. ఆ తడి ఆరకముందే వడ్రంగి వచ్చి అరల నిండా జిగురు పూసి చెక్కలు అంటించాడు. అతను లోపల ఉండగానే బయట తలుపులకి పాలిష్ మొదలైంది, థిన్నర్ డబ్బాలు హాలంతా. గోడలకి రంగు. ప్రతివాడినీ అడిగాను, ఏమీ కాదు కదా అని. ప్రతివాడూ ఒకే మాట చెప్పాడు. "మా దానితో ఏం కాదు మేడమ్‌జీ, బస్, కొన్నాళ్ళు కిటికీలు తెరిచి ఉంచండి." నేను ప్రతివాడికీ ఒకే జవాబు చెప్పాను. "అచ్ఛా, ఠీక్ హై భయ్యా." ఎవడి సంగతి వాడికి తెలుసు. ఆ ఇంట్లో ఏమేం పోశారో, ఏమేం పూశారో అన్నీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అది చాలనట్టు ముందురోజు సాయంత్రం నేనూ ఒక చెయ్యి వేశాను. వంటింటి సింకులోనూ దాని కింద పలకల మీదా సిమెంటు మరకలు ఉండిపోయాయి. ఎవరు చేసినా నాకు నచ్చదు కదా, యాసిడ్ సీసా తెప్పించి నేనే పోసి రుద్దాను. ఈలోగా పైట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. సరే, పొద్దున్న ఎలాగూ కడుగుతారులే అని తలుపు దగ్గరికేసి వచ్చేశాను.

ముహూర్తం రోజున తెల్లారేసరికి ఎదురు టవరు కనిపించనంత పొగ. మా ఆయన ముందుగా వచ్చి కిటికీలన్నీ బిగించేశారు. వచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళున్నారు, దగ్గుతారని. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఎక్కడి నుంచో గాలి శుభ్రం చేసే మిషను తెచ్చి హాలు మూలన పెట్టింది. దాని దీపం ఎర్రగా వెలిగి ఇక ఆరలేదు. "బయట అంత ఘోరంగా ఉందన్నమాట" అనుకున్నాం. మిషను ఉన్నది లోపల అన్న ఆలోచన ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

పైఅంతస్తుకి ఆవుని ఎక్కించలేం కదా, వెండి ఆవుదూడ బొమ్మని పట్టుకుని లోపలికి అడుగుపెట్టాం. పాలు పొంగాయి. హోమం అయింది. నేనూ మా ఆయనా ఉపవాసంతో వ్రతానికి కూర్చున్నాం. మా అమ్మాయి మండుతున్న కళ్ళు నలుపుకుంటూ నా చెవి దగ్గర వంగి, "మమ్మా, ఆంఖే జల్ రహీ హై. యే స్మెల్ క్యా హై?" అంది. "కొత్తింటి వాసన. హోమం పొగ ఒంటికి మంచిది, నోరు మూసుకుని అక్షింతలు పట్టుకో" అన్నాను. దాని నోరు మూయించి ఊరుకున్నానా, లేచి గది పరిమళం డబ్బా తెచ్చి నాలుగు మూలలా కొట్టాను.

అప్పుడే వంటింట్లోంచి వంటావిడ బయటికి వచ్చింది. మిగతా వంటంతా ఇంటి దగ్గరే వండి తెచ్చింది గానీ, నైవేద్యం బూరెలూ గారెలూ మాత్రం మా పొయ్యి మీద వేడివేడిగా చెయ్యాలి. దేవుడి వంట చేసే చోటని, వచ్చీ రాగానే తన సంచిలోంచి బ్లీచింగ్ నీళ్ళ సీసా తీసి సింకు తోమడం నేను దాటుకుంటూ వెళ్తూ చూశాను కూడా. ఎంత శుభ్రమైన మనిషో అని మురిసిపోయాను. ఇప్పుడు చూస్తే కళ్ళ వెంట ధారగా నీళ్ళు, దగ్గు ఆగడం లేదు.

"అక్కయ్యా, లోపల ఏదో ఘాటుగా ఉందండి. ఊపిరాడట్లేదు. కాసేపు బాల్కనీ తలుపు తీస్తారా?"

పంతులుగారు మంత్రం ఆపి నావైపు చూశారు. నాకు చిరాకు వచ్చింది. "కొత్తిల్లు కదమ్మా, అలాగే ఉంటుంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకో. నైవేద్యం వేళ దాటిపోతోంది."

ఆవిడ ముక్కుకి కొంగు చుట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. వెళ్ళి నా బూరెలు పూర్తిచేసింది.

విస్తళ్ళు వెయ్యకముందే మా అత్తగారికి వాంతి అయింది. మామగారు పోయిన దగ్గర్నుంచి ఆవిడకి ఒక నియమం. పరాన్నం ముట్టరు, తన చేత్తో వండుకున్నదే తింటారు. ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఖాళీ కడుపుకి పైత్యం చేసిందని అందరం తీర్మానించి పక్కగదిలో పడుకోబెట్టాం. ఆ గదిలోనే కొత్త బీరువాలు బిగించారు. తలుపు కూడా దగ్గరగా వేశాం, ఎవరూ ఇబ్బంది పెట్టకుండా.

వచ్చినవాళ్ళు మాత్రం తృప్తిగా తిన్నారు. గుత్తి వంకాయ మారు వడ్డించుకోని వాళ్ళు లేరు. కింద సెక్యూరిటీవాళ్ళకీ, అతిథుల కారు డ్రైవర్లకీ వంటావిడ భర్తే డబ్బాల్లో సర్ది ఇచ్చాడు. భోజనాలయ్యాక ఒకాయన తల పట్టుకున్నాడు. ఒకావిడ కళ్ళు నలుపుకుంటూ, "హోమం పొగ బాగా పట్టిందండీ" అంది. తాంబూలాలు తీసుకుని అందరూ అనుకున్నదానికంటే తొందరగా వెళ్ళిపోయారు. కొత్తింట్లో మొదటి రాత్రి నిద్ర చెయ్యాలి కాబట్టి మేం అక్కడే ఉండిపోయాం.

సాయంత్రం మా తెలుగు గ్రూపులో మొదటి మెసేజ్ వచ్చింది. "మా ఇంట్లో ఇద్దరికి వాంతులు. ఇంకెవరికైనా?" అంతే, గట్టు తెగింది. మాకూ మాకూ అని ఒకరి తర్వాత ఒకరు. ఒకరికి తల తిరుగుడు, ఒకరికి గొంతు మంట. ఎవరో ఫుడ్ పాయిజన్ అన్నారు. ఆ మాట పడ్డాక ఇక అందరికీ జ్ఞాపకం రావడం మొదలైంది. పెరుగు తేడాగా అనిపించిందట. వంకాయలో నూనె పాతదట. మారు వడ్డించుకున్న చేతులే ఇవన్నీ రాశాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. పిలిచి అన్నం పెట్టిన ఇంట్లో జనం జబ్బుపడితే ఇంకేం పరువు మిగిలింది? మా ఆయన మాత్రం ఫోను చూసి ఊపిరి పీల్చుకున్నారు. "తిండే అయ్యుంటుంది. పోనీలే" అన్నారు. ఆ పోనీలే అన్న మాట నాకు వెంటనే అర్థమైంది. తిండి కాకపోతే ఇల్లు. గృహప్రవేశం రోజునే అందరూ పడకేశారంటే, ఇల్లు అచ్చిరాలేదంటారు. ఆ మాట ఒకసారి ఇంటికి అంటుకుంటే వదలదు. పడుకున్న చోటి నుంచే అత్తగారు, "ఇంటిని ఒక్కమాట అనకండర్రా, ఉన్నదంతా దాని మీదే పెట్టారు" అన్నారు.

నేను ఫోను తీసుకుని గ్రూపులో రాశాను. "భోజనం వల్ల మీ అందరికీ కలిగిన ఇబ్బందికి చేతులు జోడించి క్షమాపణ కోరుతున్నాం." కింద దణ్ణం బొమ్మలు పెట్టాను. ఎంత మర్యాదగా ఉందో చూడండి! అందరూ, "అయ్యో, మీ తప్పేముందండీ" అన్నారు. అవును మరి, నా తప్పు లేదని చెప్పడానికే కదా ఆ క్షమాపణ. రాస్తున్నప్పుడు, ఏమీ తినని అత్తగారు అందరికంటే ముందు వాంతి చేసుకున్న సంగతి గుర్తురాలేదా అంటే, వచ్చింది. వచ్చినదాన్ని పక్కకి నెట్టి పంపేశాను.

మర్నాడు పాలు తేవడానికి కిందికి వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ అతను నవ్వుతూ లేచి నిలబడ్డాడు. "ఆంటీజీ, కల్ కా ఖానా బహుత్ బఢియా థా. వో బైంగన్ వాలీ సబ్జీ! ఔర్ హై క్యా?" ఆ వంకాయ కూర ఇంకా ఉందా అని అడుగుతున్నాడు. వాళ్ళందరూ అదే పెరుగు, అదే వంకాయ తిని రాయిలా ఉన్నారు. నేను దొంగకి తేలు కుట్టినట్టు తలూపి లిఫ్ట్ ఎక్కేశాను.

రాబోయే ఆదివారం సంఘంవాళ్ళ కార్తీక వనభోజనాలు. ఏటా వంట ఆవిడదే. ఆ ఏడు వద్దని చెప్పేశారు. మాకు చెప్పినవాళ్ళు, "మీ ఇంట్లో అలా జరిగాక ఎలా పెట్టుకుంటాం" అన్నారు, ఏదో నాకు మేలు చేసినట్టు. వద్దని చెప్పిన రోజు మధ్యాహ్నమే ఆవిడ ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి, మాటకి మాటకి మధ్య దగ్గు. తిడుతుందనుకున్నాను. తిడితే నాలుగు తిట్లు నేనూ తిట్టి బయటపడేదాన్నేమో.

"అక్కయ్యా, మీ అత్తయ్యగారికి ఎలా ఉందండి? మీకు ఎంత అప్రతిష్ఠ తెచ్చాను. ఎక్కడ తప్పు జరిగిందో తెలియట్లేదు. పెరుగు ఆ పొద్దునే తోడుకుంది, నూనె కొత్త డబ్బా. మా ఆయనా నేనూ అదే తిన్నాం, ఆయనకేం కాలేదు. నాకే ఇలా ఉంది. నా చెయ్యే పాడైపోయిందేమో అక్కయ్యా. ఇంట్లో ఉన్న పిండీ నూనే అన్నీ పారబోశాను."

అంటే ఆ వంట చేసిన మనిషే నా క్షమాపణని నమ్మేసింది! సిగ్గంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. అయినా మా అత్తగారు ఏమీ తినలేదన్న మాట చెప్పలేదు. "ఆరోగ్యం చూసుకో" అని పెట్టేశాను.

అత్తగారికి తగ్గలేదు. మా అమ్మాయికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఇద్దర్నీ తీసుకుని దగ్గరున్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అత్తగారికి హిందీ రాదు, మధ్యలో నేనే. గ్రూపు మాట నేనే ముందు చెప్పాను, ఫుడ్ పాయిజన్ అని. ఆ రోజు ఈవిడ ఏం తిన్నారో అడగమంది డాక్టరమ్మ. అడిగాను.

"నేనేం తిన్నానూ?" అన్నారు అత్తగారు, అంత నీరసంలోనూ కోపంగా. "పరాన్నం ముట్టనని నీకు తెలియదుటే? చెప్పు ఆవిడకి. ఏమీ తినలేదని చెప్పు."

ఒక్క చిన్న వాక్యం. దాన్ని హిందీలోకి మార్చడానికి నాకు ఎంతసేపు పట్టిందో. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, ఇంట్లో కొత్తగా ఏం చేయించారని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. చెదల మందు. అచ్ఛా, అంది ఆవిడ. జిగురు. థిన్నర్. రంగు. యాసిడ్. పైన హోమం, పరిమళం డబ్బా. చెబుతుంటే నా చెవులకే వినబుద్ధి కాలేదు. కిటికీలు మూసే ఉన్నాయా అంది. మూసే ఉన్నాయన్నాను.

"వీటిలో ఏ ఒక్కటైనా, గాలి ఆడే ఇంట్లో అయితే తలనొప్పితో పోయేదేమో" అంది. "ఒకదానితో మండిన గొంతు మీద ఇంకొకటి పడింది. దాని మీద మరొకటి. ఏ డబ్బా మీదైనా ఆ ఒక్కదాని గురించే రాస్తారు, అన్నీ కలిస్తే ఏమవుతుందో రాయరు. యాసిడ్ మీద బ్లీచింగ్ ఏమైనా పడిందా? ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది."

లేదు, మా ఇంట్లో బ్లీచింగే లేదు అనబోయాను. సింకు తోముతున్న వంటావిడ చెయ్యి, ఆ చేతిలో సీసా కళ్ళ ముందుకొచ్చాయి.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. తలా పిడికెడు అనుకుంటే అందరికీ బరువు తగ్గుతుంది. అందుకే కాబోలు, చెదల మందువాడూ, వడ్రంగీ, పాలిష్‌వాడూ ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరికీ నిద్ర చెడలేదు. ఆ పిడికిళ్ళన్నీ ఒకచోట పోసి తలుపు వేసినదాన్ని నేను.

ఖాళీ చెయ్యని పాత క్వార్టరుకి ఆ రోజే తిరిగి వచ్చేశాం. మా ఆయనతో, గ్రూపులో నిజం చెప్పేస్తానన్నాను. "ఇప్పుడెందుకు? నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు" అన్నారు. "ఎవరు మర్చిపోతారు? ఆవిడ మర్చిపోతుందా?" అని అరిచాను. ఆయన మీద అరవడం నాకు సులువే, అలవాటు కూడా. అత్తగారే లేచి కూర్చున్నారు. "ఇల్లు అచ్చిరాలేదంటే అననీరా. అన్నం పెట్టిన చేతికి మచ్చ తెస్తే మనకి పుట్టగతులుంటాయా?" అన్నారు కొడుకుతో.

వనభోజనాలకి వెళ్ళాను. పార్కులో ఉసిరిచెట్టు లేదని ఎవరో ఉసిరికొమ్మ తెచ్చి కుండీలో గుచ్చారు. దాని కింద దీపాలు. హోటలు నుంచి తెప్పించిన పులిహోర. తంబోలా ఆడించే మైకు చేతిలోకి తీసుకుని, మొత్తం చెప్పాను. ఏమేం పూయించానో, ఏం పోశానో, ఆవిడ ఊపిరాడట్లేదంటే ఏమన్నానో. ఆ క్షమాపణ తప్పుడు క్షమాపణ అని కూడా చెప్పాను. భూమి చీలితే బాగుండుననిపించింది గానీ ఢిల్లీ పార్కుల్లో భూమి అంత సులువుగా చీలదు.

మైకు తిరిగి ఇచ్చేశాను. తర్వాత అందరూ మంచివాళ్ళైపోయారు. "అయ్యో, దానికేముందండీ" అన్నారు. ఒకావిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి, "వాస్తు చూపించారా? ఏదైనా శాంతి చేయించండి" అంది. ఇంకొకావిడ పెరుగు వడ్డించుకుంటూ, "పాపం ఆ వంటావిడ" అంది. తంబోలా మళ్ళీ మొదలైంది. వచ్చే నెల ఎవరింట్లోనో సీమంతం ఉందనీ, దానికి మూఢం పట్టింపు లేదనీ, వంట మళ్ళీ ఆవిడకే చెబుతామనీ మాట మాత్రం ఇచ్చారు. నాకది చాలనిపించింది. సంతోషంగా, అవును, సంతోషంగానే మర్నాడు ఆవిడ ఇంటికి బయల్దేరాను.

గుమ్మంలో ఉండగానే మాడు వాసన. లోపల ఆవిడ పొయ్యి ముందు నిలబడి ఉంది. బాణలిలో పోపు నల్లగా బొగ్గైపోతోంది. గదంతా పొగ. ఆవిడ ప్రశాంతంగా గరిటె తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అయ్యో, మాడిపోతోందమ్మా!" అని కేక వేశాను.

ఆవిడ ఉలిక్కిపడి బాణలిలోకి చూసింది. పొయ్యి ఆర్పేసింది. "మాడిందా?" అంది నెమ్మదిగా, నన్నే అడుగుతూ. ఆ తర్వాత పీట మీద కూలబడింది.

ఆ రోజు మా వంటింట్లో నిలబడిన దగ్గర్నుంచి ఆవిడకి ఏ వాసనా తెలియడం లేదట. మొదట జలుబనుకుంది. ఇంగువ డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ లేదట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టరు.

నేను నేల మీద కూర్చుని ఆవిడ చేతులు పట్టుకున్నాను. వంట తప్పు కాదనీ, సింకులో ముందురోజు నేను యాసిడ్ పోశాననీ, కడగలేదనీ, దాని మీద బ్లీచింగ్ పడి విషవాయువు పుట్టిందనీ, యాసిడ్ సంగతి తనకి చెప్పలేదనీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆవిడ చాలాసేపు వింది.

"నేను బ్లీచింగ్ వేస్తున్నానని మీకు చెప్పలేదు కదండీ" అంది చివరికి.

ఆ మాటకి బదులు నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

"ఒక్క సాయం చెయ్యండి అక్కయ్యా. ఈ ముక్కు సంగతి మాత్రం ఎక్కడా చెప్పకండి. విషం పెట్టిందన్నా ఎప్పటికో మర్చిపోతారు. వాసన తెలియని వంటావిడని ఎవరు పిలుస్తారు?"

అప్పటి నుంచి ఆవిడకి ఎక్కడ వంట ఉంటే అక్కడికి నేనూ వెళ్తున్నాను. పోపు వేగిందో మాడిందో నా ముక్కు చెబుతుంది. "ఆఫీసరుగారి భార్య అయ్యుండి కూడా ఎంత మంచి మనసండీ, ఆవిడకి జరిగిన నష్టానికి దగ్గరుండి సాయం చేస్తున్నారు" అంటారు అందరూ. ఆ పొగడ్త వింటూ నిలబడటం నా శిక్ష కాబోలు అనుకునేదాన్ని. కానీ అసలుది అది కాదు.

ఉప్పు. ఉప్పు వాసన చూసి చెప్పే విద్య నాకు లేదు. మొదటి సీమంతం రోజున గిన్నె మీద మూత తీసి నావైపు చూసింది. ఎంత పీల్చినా ఆవిరే తప్ప నాకేమీ తెలియలేదు. బయట పంతులుగారు నైవేద్యం తెమ్మని కేకేస్తున్నారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడే వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, గోడవైపు తిరిగి నిలబడింది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. నేను గరిటెతో కొంచెం అరచేతిలో పోసుకుని నాలుక మీద వేసుకున్నాను.

ఇప్పటికీ అలాగే జరుగుతోంది. బయట ఎవరో ఒకరు కొత్తవాళ్ళకి చెబుతూనే ఉంటారు, ఈవిడ రుచి చూడకుండా వండుతుందని, దేవుడి వంట ఎంగిలి చెయ్యదని. లోపల ఆవిడ గోడవైపు తిరిగి, నేను చెప్పేదాకా అలాగే నిలబడి ఉంటుంది.

"సరిపోయింది" అంటాను.